సంచిలో దాచిన ఉగ్గుగిన్నె

నా సంచిలో ఏమేం ఉండేవో ఇప్పటికీ వరసగా చెప్పగలను. కత్తెర, బొడ్డు కట్టే దారం, స్పిరిట్ సీసా, దూది, సబ్బు, థర్మామీటరు, పసిపిల్లల్ని గుడ్డలో వేసి తూచే కొక్కెం త్రాసు, నోటు పుస్తకం. ముప్పై ఏళ్లకు పైగా దాన్ని భుజాన వేసుకుని తిరిగాను. నా కుడి భుజం ఇప్పటికీ ఎడమదాని కంటే కాస్త కిందికే ఉంటుంది. ఆ సంచిలో ఒకసారి మూడు రోజుల పాటు నాది కాని వస్తువు ఒకటి ఉండింది. దాని సంగతే ఇది. కొత్తగా ఈ ఉద్యోగంలో చేరిన అమ్మాయిలు నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు, మీరు కష్టమైన పురుళ్లు ఎట్లా పోశారో చెప్పండమ్మా అని అడుగుతారు. అవి చెప్పడానికి ఊళ్లో వేరేవాళ్లు ఉన్నారు. ఇది మాత్రం నేను చెప్తే తప్ప ఎవరూ చెప్పరు.

అరవైల మొదట్లో మాట. మాది ఇందుకూరుపేట వైపు పల్లె. నెల్లూరులో నర్సు శిక్షణ ముగిశాక నన్ను పులికాటు సరస్సు అవతలికి వేశారు. ఇప్పుడు రాకెట్లు ఎగిరే శ్రీహరికోట దీవిలో అప్పుడు ఉన్నవల్లా సరుగుడు తోపులు, ఇసక, చేపలు పట్టి బతికే పల్లెలు. ఒక పల్లె నుంచి ఇంకో పల్లెకు ఇసకలో నడిచి పోవాలి. అవతలి ఒడ్డుకు, అంటే సూళ్లూరుపేట వైపుకు పోవాలంటే పడవ ఎక్కాలి.

నాకు ఇరవై మూడేళ్లు. ఒకచోట కుదురుగా కూర్చోవడం తెలియదు. ఒక ఇంట్లో మాట్లాడుతూనే పక్కింటి గడప మీద ఒక కాలు పెట్టేదాన్ని. నా పని తనిఖీ చేయడానికి నెలకోసారి ఒక పెద్ద నర్సు వచ్చేవారు. బక్కపలచటి మనిషి, ముక్కు మీద కళ్లద్దాలు, చేతిలో ఎప్పుడూ తడి రుమాలు. ఆవిడ నా రిజిస్టర్లలో తప్పు పట్టింది తక్కువ. పోయేటప్పుడు మాత్రం ప్రతిసారీ ఒకటే మాట అనేవారు. "నువ్వు చెప్పడం అయిపోయినాక ఒక్క నిమిషం నిలబడమ్మాయ్. వాళ్లు అప్పుడే నోరు తెరుస్తారు." సరేనండీ అనేదాన్ని. అంటూనే అడుగు ముందుకు వేసేదాన్ని.

నాకు అప్పట్లో ఒక పగ ఉండేది. ఉగ్గుగిన్నె మీద. పాలు పోయడానికి చిన్న ముక్కు ఉన్న కంచు గిన్నె అది, ప్రతి ఇంట్లోనూ ఉండేది. బిడ్డ పుట్టగానే తల్లి ముర్రుపాలు పిండి గోడకు పారబోసేవాళ్లు. బిడ్డకేమో ఆ గిన్నెతో ఆముదం, తేనె, ఏ మేకపాలో పోసేవాళ్లు. గిన్నె మూల ఎక్కడో ఈగలు ముసురుతూ ఉండేది. నేను చేరిన ఏడాదే, పదకొండు రోజుల మగబిడ్డ ఒకడు విరేచనాలతో నా చేతుల్లోనే పోయాడు. వాడి పక్కన ఆ గిన్నె ఉంది. ఆ రోజు నుంచి గిన్నె కనిపిస్తే ఒంటికాలి మీద లేచేదాన్ని. రొమ్ముపాలు తప్ప ఇంకేదీ వద్దు, రొమ్ము తప్ప ఇంకే దారీ వద్దు అని ఇల్లిల్లూ తిరిగి పోరాను. వినని వాళ్లను తిట్టాను. ఒక సమావేశంలో లేచి నిలబడి, నా పల్లెల్లో ఉగ్గుగిన్నె అనేది ఇప్పుడు కంటికి కనపడదు అని చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. పెద్ద నర్సు ఒక్కరే కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నారు.

ఆ సమావేశం నుంచి తిరిగి వచ్చిన వారంలోనే సరస్సు ఒడ్డు పల్లెలో ఒక పురుడు పోశాను. తొలి కాన్పు, పుట్టింటికి వచ్చిన పిల్ల. పందొమ్మిదేళ్లు ఉంటాయేమో. ఆడబిడ్డ పుట్టింది. కేర్‌మంది, రంగు బాగుంది. గుడిసెలో వెలుతురు అంతంత మాత్రం. పెదవులు చూశాను, నాలుక చూశాను, పుస్తకంలో "నోరు బాగు" అని రాశాను. రొమ్ముకు పెట్టించాను. బిడ్డ తడుముకుంది, చప్పరించింది, వదిలేసింది. మొదటి రోజు అట్లాగే ఉంటుంది, పక్కకు తిరిగి పడుకుని పట్టు అని తల్లికి చెప్పి, ముర్రుపాలు పారబోయకుండా బిడ్డకే పడతామని అమ్మమ్మ చేత మాట తీసుకుని, ఉత్తరం వైపు పల్లెలకు వెళ్లిపోయాను.

ఆ అమ్మమ్మ పొడుగాటి మనిషి. ఉప్పు గాలికి ముఖం ముడతలు పడింది గానీ నలభై ఐదు దాటి ఉండవు. ఇంట్లో మగవాళ్లు వేటకు పోయి సముద్రపు ఒడ్డున మకాం ఉన్నారు. వలలూ ఇల్లూ బాలింతా అన్నీ ఆవిడే చూసుకుంటోంది.

ఆరో రోజు పొద్దున మళ్లీ వెళ్లేసరికి ఏం చూశానంటే, అమ్మమ్మ కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. పసిబిడ్డను నిటారుగా, మెడ వెనక చెయ్యి ఆనించి, తొడ మీద కూర్చోబెట్టుకుంది. రెండో చేతిలో ఉగ్గుగిన్నె. తల్లి రొమ్ము నుంచి పిండిన పాలే అందులో ఉన్నాయి. బుగ్గ పక్కనుంచి కొంచెం కొంచెంగా ఒంపుతోంది. బిడ్డ మింగుతోంది.

ఇప్పుడు ఇట్లా విడమరిచి చెప్తున్నాను గానీ అప్పుడు నాకు ఇవేమీ కనపడలేదు. గిన్నె ఒక్కటే కనపడింది.

"నేను చెప్పిందేమి, నువ్వు చేసేదేమి పెద్దమ్మా?" అన్నాను.

"తల్లి పాలే నర్సమ్మా. వేరే ఏమీ పొయ్యలా. ముర్రుపాలు గూడా నువ్వు చెప్పినట్టే పట్టినాము. గిన్నె ఉడకేసినాను."

"రొమ్ముకు పట్టమన్నాను గదా."

"పండేసి పడితే ముక్కులో నుంచి వచ్చేస్తా ఉండాయి పాలు. పొలమారి నల్లంగా అయిపోతా ఉండాది. కూచోబెట్టి పోస్తే మింగతా ఉండాది. నా మూడో కాన్పులో గూడా ఇట్టానే..."

"పాత సంగతులన్నీ ఇప్పుడెందుకు?" అని మధ్యలోనే తుంచేశాను. గిన్నెతో అలవాటైతే ఇక జన్మలో రొమ్ము పట్టదు, తల్లికి పాలు ఎండిపోతాయి, ఆ తరువాత నన్నడగొద్దు అన్నాను. చెయ్యి చాచాను. ఆవిడ గిన్నె ఇవ్వలేదు. బిడ్డకు నెల నిండినాక ఇస్తానులే అని నేనే తీసుకుని సంచిలో వేసుకున్నాను. బాలింత తల వంచుకుంది. అమ్మమ్మ నన్ను చూసింది, సంచిని చూసింది. ఏడాది కిందట ఆవిడ తోడికోడలికి నేను ప్రాణం పోశానని ఊరంతా చెప్పుకునేది. ఆ మాటే ఆవిడ నోరు కట్టేసిందని ఇప్పుడు అర్థమవుతుంది.

మరునాడు పోయి చూస్తే బిడ్డ ముక్కు కింద పాలు ఎండి అట్ట కట్టి ఉన్నాయి. పాలు ఎక్కువై కక్కుతోంది, ఏం కాదు అన్నాను. అన్నాను గానీ ఆ రోజంతా నా మనసు మనసులో లేదు. రెండు పల్లెలు తిరగాల్సింది ఒకటే తిరిగి వెనక్కి వచ్చాను. మళ్లీ వెళ్లి చూస్తే నా మాట మీద నాకే నమ్మకం లేదనుకుంటారని ఆ గుడిసె దాకా పోయి, పక్కనుంచే దాటిపోయాను. ఆ నాలుగు అడుగులు లోపలికి వేసి ఉంటే ఇంకో రోజు కలిసి వచ్చేది.

మూడో రోజు పొద్దున, వేటకు పోకుండా ఊళ్లోనే ఉన్న బాలింత మేనమామ నా కోసం వచ్చాడు. ఏమైందని అడిగితే, "బిడ్డ ఏడవడం లేదు" అన్నాడు. అంతే చెప్పాడు.

త్రాసుకు కట్టి ఎత్తితే ముల్లు పుట్టిన రోజు కంటే బాగా వెనక్కి పోయి నిలిచింది. మాడు గుంట పడింది. చర్మం పట్టుకుంటే పట్టుకున్నట్టే ఉండిపోయింది.  నెల్లూరు తీసుకుపోదాం, ఇప్పుడే పడవ తీయండి అన్నాను. అమ్మమ్మ అప్పటికే చీర చెంగు బిగించి, చాప చుట్టి చంకన పెట్టుకుని ఉంది.

"నువ్వు వద్దు పెద్దమ్మా. పడవ చిన్నది, నీళ్లు తక్కువ," అన్నాను. అది నిజమే. అక్కడికి వచ్చినా నువ్వు నీ పద్ధతులే చేస్తావు అని మనసులో ఉంది, అదీ నిజమే.

ఆవిడ మోకాటి లోతు నీళ్ల దాకా మా వెంట వచ్చింది. పడవ అంచు పట్టుకుంది. "అయితే గిన్నె అన్నా ఇచ్చిపో తల్లీ. దాని చేతికి ఇయ్యి."

గాలి హోరులో వినపడనట్టు మేనమామ వైపు తిరిగి, పోనియ్యి అన్నాను.

ఎండలు ముదిరే కాలం. పులికాటులో నీళ్లు తీసేసి చాలా మేర బురద తేలి ఉంది. మేనమామ గెడ వేసి తోస్తుంటే పడవ కాసేపు సాగేది, కాసేపు అడుగు అంటుకుని ఆగిపోయేది. ఆగినప్పుడల్లా ఆయనా నేనూ దిగి తోసేవాళ్లం. పైగా ఎదురు గాలి. తోసి ఎక్కడం, బిడ్డ రొమ్ము మీద చెయ్యి పెట్టి చూడడం, అవతలి ఒడ్డు ఎంత దూరమో చూడడం, మళ్లీ దిగడం. కాలు కాలిన పిల్లిలాగా ఆ పది మూరల పడవలోనే తిరిగాను. ఇంకా ఎంతసేపు అని అడిగీ అడిగీ మేనమామకు విసుగొచ్చింది.

"కూచోమ్మా. నువ్వు తిరిగితే పడవ ముందుకు పోదు," అన్నాడు.

కూర్చున్నాను. బాలింత బిడ్డను రొమ్ముకు పెట్టింది. నేను చెప్పినట్టే పక్కకు వాలబోయింది. పడవ అడుగున నీళ్లు ఊరి ఉన్నాయి, వాలడానికి చోటు లేదు. బిడ్డ రెండుసార్లు లాగింది. మూడోసారికి దగ్గు, దాంతోపాటే ముక్కు రెండు రంధ్రాల నుంచీ పాలు. పెదవులు నీలంగా మారాయి. బోర్లా తిప్పి వీపు తట్టాను. మళ్లీ ఊపిరి తీసుకుంది. తుడుద్దామని దూది కోసం సంచిలో చెయ్యి పెట్టాను. చేతికి చల్లగా గిన్నె తగిలింది.

నేను దాన్ని బయటికి తీయలేదు. తీయడానికీ తీయకపోవడానికీ మధ్య చెయ్యి అట్లాగే ఉండిపోయింది. ఆ పిల్ల నా చేతినే చూస్తోంది. పెళ్లయిన పిల్లే గానీ అంతవరకు నా ముందు గట్టిగా ఒక మాట మాట్లాడి ఎరగదు.

"అది నాకియ్యండి," అంది. "మా అమ్మ మూడో బిడ్డ ఇట్టానే పోయింది. ముక్కులో పాలొచ్చి, పొలమారి. ఆ బిడ్డ పోయే ముందు రోజుకు గాని కూచోబెట్టి పొయ్యాలని అమ్మకు తెలీలా. అప్పటికి దానికి మింగే సత్తవ లేదంట. ఇప్పుడు నా బిడ్డకి మొదటి దినమే కనుక్కుంది. మీకు చెప్పబోతే మీరు వినలా."

నా తల తీసేసినట్టయింది. గిన్నె ఇచ్చాను. సరస్సు నీళ్లు ఉప్పు నీళ్లు, కడగడానికి పనికిరావు. సీసాలో తాగడానికి తెచ్చుకున్న నీళ్లతో కడిగాను, స్పిరిట్ దూదితో తుడిచి మళ్లీ కడిగాను. చేతులకు ఏదో ఒక పని కావాలి నాకు. ఆ పిల్ల పాలు పిండింది. వాళ్లమ్మ చేసినట్టే బిడ్డను నిటారుగా కూర్చోబెట్టి, గిన్నె ముక్కును బుగ్గ పక్కన ఆనించి కొంచెం ఒంపింది. ఆగింది. బిడ్డ గొంతు కదల్లేదు. మేనమామ గెడ వెయ్యడం ఆపేశాడు. ఇంకొంచెం తడిపింది. గొంతు కదిలింది. కాసేపటికి ఇంకోసారి. ముక్కులోకి ఒక్క చుక్క రాలేదు.

అప్పుడు, పుట్టిన ఎనిమిదో రోజున, నేను పురుడు పోసిన గంటలో చేయాల్సిన పని చేశాను. చిటికెన వేలు సబ్బుతో కడుక్కుని బిడ్డ నోట్లో పెట్టి అంగిలి తడిమాను. ముందు గట్టిగా ఉంది. కొంచెం లోపలికి పోయేసరికి వేలికి ఏమీ తగల్లేదు. అంగిలి వెనక భాగం చీలి ఉంది. పెదవికి గ్రహణమొర్రి ఉంటే గుడ్డివాళ్లకు కూడా తెలుస్తుంది. ఇది లోపల ఉంది, పెదవి చక్కగా ఉంది. ఆ చీలికతో బిడ్డ రొమ్ము పట్టుకుని లాగలేదు. పడుకోబెడితే పాలు గొంతులోకి కాక ముక్కులోకి పోతాయి. అమ్మమ్మకు అంగిలి సంగతి తెలియదు. ఏం చేస్తే మింగుతుందో తెలుసు. నాకు అంగిలి గురించి ఒక పాఠమంతా తెలుసు. బిడ్డ నోరు మాత్రం తెలియదు.

అవతలి ఒడ్డు చేరేలోపు ఆ పిల్ల ఆరుసార్లు పాలు పోసింది. ఒడ్డు దగ్గర పడుతుండగా బిడ్డ ఏడ్చింది. సన్నగా, ముక్కుతో వచ్చే ఏడుపు. మేనమామ ముఖం అటు తిప్పుకున్నాడు. నేను తిప్పుకోలేదు, తిప్పుకునే ఓపిక కూడా లేదు, ఏడ్చేశాను.

సూళ్లూరుపేటలో రైలెక్కి నెల్లూరు చేరాం. ఆసుపత్రిలో డాక్టరమ్మ టార్చి వేసి నోరు చూశారు. చీలిక నాకు చూపించారు. బిడ్డ పెద్దయ్యాక మద్రాసులో కుట్టవచ్చు, అంతవరకు బతికించుకోవడమే పని అన్నారు. పాలు ఎట్లా పడుతున్నారని అడిగితే బాలింత పట్టి చూపించింది. డాక్టరమ్మ వంగి శ్రద్ధగా చూశారు.

"ఇట్లా పట్టకపోయుంటే దారిలోనే పోయేది," అని నా వైపు తిరిగారు. "బాగా నేర్పినావమ్మా."

 నేను కాదు అనడానికి ఎంతసేపు పడుతుంది? నేను అనలేదు. బాలింత నన్ను ఒకసారి చూసి, గిన్నెలోకి తల వంచుకుంది.  డాక్టరమ్మ తరువాతి మంచానికి వెళ్లిపోయారు.

ఆ రోజు నేను అన్నం ముందు కూర్చుని లేచాను. వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి ఎన్నిసార్లు నడిచానో. ఎవరికీ నష్టం లేదు కదా, బిడ్డ బతికింది కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మరీ అసహ్యం వేసింది. మరునాడు పొద్దున డాక్టరమ్మ, నర్సులు, శిక్షణలో ఉన్న అమ్మాయిలు అందరూ వార్డులోకి వచ్చేదాకా ఆగి, వాళ్ల ముందు చెప్పాను. నేర్పింది ఈ బాలింత తల్లి, నేను ఆ గిన్నె లాక్కుని మూడు రోజులు సంచిలో పెట్టుకున్నాను, నోరు తడమకుండానే బాగుందని రాశాను అని. ఆ అమ్మాయిల్లో ఒకరిద్దరు నోరు వెళ్లబెట్టారు. డాక్టరమ్మ చేతిలోని కాగితాలు మూసి పక్కన పెట్టారు. తిడతారనుకున్నాను.

"ఈ మాట నాక్కాదు, ఆమెకు పోయి చెప్పు," అన్నారు.

తల్లీబిడ్డలు రెండు వారాలు అక్కడ ఉన్నారు. నేను మధ్యలో వచ్చి నా పల్లెలు చూసుకుని, వాళ్లను తీసుకురావడానికి మళ్లీ వెళ్లాను. వచ్చిన ఆ నాలుగు రోజుల్లో అమ్మమ్మ గుడిసెకు పోయి బిడ్డ బాగుందని చెప్పి రావాల్సింది. కబురు మేనమామతో పంపించి నేను ముఖం చాటేశాను. పురుడు పోసేటప్పుడు రక్తానికి భయపడని మనిషిని, ఆవిడ ముఖానికి భయపడ్డాను.

ఆ ఏడాది తరువాతి సమావేశంలో నోరు చూడడం వేరు, వేలితో తడమడం వేరు అని లేచి చెప్పాను. ఈసారి చప్పట్లు లేవు. పెద్ద నర్సు పోయేటప్పుడు ఎప్పుడూ అనే మాట అనలేదు. నా భుజం మీద ఆ తడి రుమాలు చెయ్యి వేసి వెళ్లిపోయారు. ఆ పసిబిడ్డకు తరువాత మద్రాసులో ఆపరేషన్ అయింది. మాట ఇప్పటికీ కాస్త ముక్కుతోనే వస్తుంది. చేపల బేరంలో మాత్రం ఎదుటివాళ్లకు నోరు తెరిచే సందివ్వదట. మిమ్మల్నందర్నీ ఒక్కటే అడుగుతాను. ఉగ్గుగిన్నె మంచిదని నేను చెప్పడం లేదు, ఆ మగబిడ్డ పోయింది దానితోనే. లాక్కునే ముందు, అది ఎందుకు పట్టుకున్నావని అడగండి. అడిగి, ఆవిడ చెప్పడం పూర్తయ్యేదాకా నిలబడండి.

తిరిగి వచ్చిన రోజు గాలి మా వైపే ఉంది. పడవ మధ్యాహ్నానికే దీవికి చేరువైంది. బాలింత ముందు కూర్చుంది, బిడ్డ ఒళ్లో నిద్రపోతోంది. అమ్మమ్మ నీళ్లలో నిలబడి ఉంది, మమ్మల్ని పంపించిన చోటే. ఎండకు కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది. బిడ్డ బతికే ఉందని కబురు అందింది కదా, బిడ్డ ఎట్లా ఉందని అడుగుతుందనుకున్నాను. చెప్పాల్సిన మాటలు పడవలో పొద్దున నుంచీ కూడబలుక్కుంటున్నాను.

ఆవిడ బిడ్డ సంగతి అడగలేదు. కూతుర్నీ పలకరించలేదు. గట్టిగా నన్నే పిలిచింది.

"నర్సమ్మా, గిన్నె నీ సంచిలో ఉండాదా, దాని చేతిలో ఉండాదా?"

కూడబలుక్కున్నవన్నీ మరిచిపోయాను. సంచి భుజం నుంచి తీసి, దాని మూతి తెరిచి ఆవిడకు కనపడేటట్టు తలకిందులు చేశాను. కత్తెర, దారం, సబ్బు, పుస్తకం అన్నీ పడవలో పడ్డాయి. బాలింత కొంగు ముడి విప్పి గిన్నె తీసి పైకెత్తింది. ఆవిడ అది చూసింది. అప్పుడు గాని పడవ అంచు పట్టుకుని, ముందుకు వంగి, మనవరాలి ముఖం చూసుకోలేదు.